కాంటా మీద 46 కిలోలు

మిర్చి యార్డులో దగ్గును ఎవరూ పట్టించుకోరు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. గేటు దాటగానే ముక్కు మండుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, వెంటనే దగ్గు. రైతు దగ్గుతాడు, అడ్తి గుమాస్తా దగ్గుతాడు, ఖరీదుదారు దగ్గుకుంటూనే ధర చెప్తాడు. హమాలీలం మేమైతే మూతికి తువ్వాల చుట్టుకుని బస్తా ఎత్తుతాం, దించాక దగ్గుతాం. పద్నాలుగేళ్లు అట్లా దగ్గినవాణ్ని. 2022 దసరా తర్వాత మొదలైన దగ్గు వేరే దగ్గని నేనెట్లా గుర్తుపట్టాలి?

డిసెంబర్‌లో ఒక మధ్యాహ్నం. కోల్డ్ స్టోరేజీల నుంచి ఏసీ మిర్చి వస్తున్న రోజులు. అన్నం తిని కాంటా పక్కన కూర్చున్నాం. లేవబోతే కళ్లు తిరిగాయి. చేతికి అందింది పట్టుకోబోయి కాంటా మీదే కూలబడ్డాను. తూకం వేసే దడువాయి అంకె చూసి నవ్వాడు. "ఏందిరో, బస్తా కంటే నువ్వే తేలికున్నవ్. 46!" అంతకుముందు దించిన బస్తా 47 తూగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏడాది కిందట నా బరువు 58.

ఆ 2022లోనే, మార్చిలో, దేశీ మిర్చి క్వింటాలు 50 వేలు దాటింది. తులం బంగారంతో సమానమైందని పేపర్లలో రాశారు. లెక్క వేస్తే నా వీపు మీద పోయే ఒక్కో బస్తా 20 వేల పైమాటే. మా హమాలీ ముఠాలో వాళ్లమంతా ఆ ముచ్చట చెప్పుకుని నవ్వుకున్నాం. తొమ్మిది నెలలు తిరక్కుండానే ఆ ఒక్క బస్తా ఖరీదు పాటి పైసల కోసం గిరిగిరి ఫైనాన్స్ మనిషి ముందు నిలబడ్డాను.

మొదట పోయింది మా బస్తీలో ఆరెంపీ దగ్గరికి. ఆయన్ని నేను తిట్టలేను. సర్కారు దవాఖాన తెరిచి ఉండే టైమూ నా పని టైమూ ఒక్కటే. పొద్దున పోతే ఆ రోజు ముఠాలో నా వాటా పోయినట్టే. ఆరెంపీ రాత్రి తొమ్మిదికి కూడా ఉంటాడు, పైసలు తర్వాత ఇవ్వమంటాడు. సూది వేస్తాడు, ఒక రోజు జ్వరం తగ్గుతుంది, తెల్లారి పనికి పోవచ్చు. నాకు కావాల్సింది అదే. జబ్బు తగ్గాలని కాదు, తెల్లారి పనికి పోవాలని. తొమ్మిది సార్లు పోయాను. ఒకసారి గ్లూకోజు ఎక్కించాడు. ఒకసారి రక్త పరీక్షకు పంపాడు, టైఫాయిడ్ అని తేలింది. మా వాడలో రక్తం ఇచ్చి టైఫాయిడ్ తేలనివాణ్ని నేనింకా చూడలేదు.

నవంబర్ ఆఖరుకు రాత్రిళ్లు చెమటలు మొదలయ్యాయి. బనీను పిండితే నీళ్లు కారేవి. చలికాలంలో ఇదేం చెమట అని నా భార్య పట్టుబట్టి హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయింది. స్కానింగ్ తీశారు, న్యుమోనియా అన్నారు, ఐదు రోజులు పడుకోబెట్టారు. ఆరోగ్యశ్రీ కార్డు చూపిస్తే ఈ జబ్బుకు ఇక్కడ నడవదన్నారు. బిల్లు 38 వేలు. మా ఆవిడ గొలుసు కుదువ పెడితే 20 వేలు వచ్చాయి. మిగతా 18 వేలు గిరిగిరి.

గిరిగిరి తెలియనివాళ్ల కోసం చెప్తాను. 10 వేలు అప్పంటే చేతికిచ్చేది 9 వేలే. వెయ్యి ముందే పట్టుకుంటారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. నేను అలాంటివి రెండు తీసుకున్నాను, అంటే రోజుకు 200. బండి మీద పిల్లగాడు సాయంత్రం ఆరింటికి వస్తాడు, చిన్న కార్డు మీద టిక్కు పెట్టుకుని పోతాడు. పండగ లేదు, ఆదివారం లేదు, జ్వరం అసలే లేదు. అప్పుడు మా బిడ్డ ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాదిలో ఉంది. ఒక రాత్రి లెక్క వేసి చూపించింది. రోజూ అసలు తగ్గుతూ పోతుంది కదా, ఆ తగ్గేదాన్ని కూడా చూస్తే మిత్తి ఏడాదికి నూటికి 80 దాకా పడుతుందంది. "నూటికి పదే కదా బిడ్డా" అన్నాను నేను. పది వేలకు వెయ్యి అన్నట్టే కనబడుతుంది మరి.

దవాఖాన నుంచి వచ్చిన పది రోజులు దగ్గు తగ్గింది. మళ్లీ మొదలైంది. ఆ తర్వాతే కాంటా మీద కూలబడింది.

జనవరి మొదట్లో మా బస్తీ ఆశా అక్క ఇంటింటికీ జ్వరాల సర్వేకు వచ్చింది. గడపలో నిలబడి నా దగ్గు విని రాసుకోవడం ఆపింది.

"ఎన్ని రోజుల నుంచి తమ్ముడూ?"

"మిర్చి ఘాటక్కా, అంతే."

"ఎన్ని రోజులని అడిగిన."

మూడు నెలలు అని లోపల నుంచి నా భార్య చెప్పింది. రెండు వారాలు దాటిన దగ్గుకు గళ్ల (కఫం) పరీక్ష చేయించాల్సిందేనట. రెండు చిన్న ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చిచ్చింది. ఒకటి అప్పటికప్పుడు పట్టాలి, రెండోది తెల్లారి లేవగానే. "ఉమ్మి వద్దు, లోపలి నుంచి రావాలె" అని రెండుసార్లు చెప్పింది.

తెల్లారగట్ల డాబా మీదికి పోయాను. గాలి తగిలే చోట, మనుషులకు దూరంగా పట్టమంది కదా. మంచు. మా ఆవిడ చెంబులో గోరువెచ్చని నీళ్లు పట్టుకుని మెట్ల మీద ఆగింది. పుక్కిలించి ఊపిరి గట్టిగా లోపలికి పీల్చి దగ్గాను. మూడు నెలలుగా ఆపుకుందామన్నా ఆగని దగ్గు, ఆ పొద్దు రమ్మంటే రాలేదు. ఐదారుసార్లు ప్రయత్నిస్తే పచ్చగా చిక్కగా ఒక ముద్ద పడింది. అందులో ఎర్రటి పోగు ఒకటి. మూత బిగించి పేపర్‌లో చుట్టాను. ఆ ఎరుపు నా భార్యకు కనబడిందో లేదో ఇప్పటికీ నేనడగలేదు, ఆమె చెప్పలేదు.

పరీక్ష సీబీనాట్ అనే మెషీన్‌లో చేస్తారు. టీబీ క్రిమి ఉందా లేదా అన్నదే కాదు, ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు అది లొంగుతుందా లేదా అన్నది కూడా అదే చెప్తుంది. నాకు టీబీ ఉంది, లొంగే రకమే. షుగర్‌కు, హెచ్‌ఐవీకి కూడా రక్తం తీసుకున్నారు, టీబీ తేలినవాళ్లందరికీ చేస్తారట. రెండూ లేవు. ఇంట్లోవాళ్లందరికీ పరీక్షలన్నారు. మా దగ్గర చుట్టపుచూపుగా ఉన్న మరదలి కొడుక్కి మూడేళ్లు. వాడికి కూడా చూస్తామంటే అప్పుడు గుండె జారింది. వాడికేం లేదు గానీ ముందుజాగ్రత్త మందు ఇచ్చారు.

"మందులకు ఎంతవుతుంది సార్?" అని అడిగాను.

"ఏం కాదు. పరీక్ష ఫ్రీ, ఆరు నెలల మందులు ఫ్రీ" అన్నాడు టీబీ సూపర్‌వైజర్.

సంతోషపడాల్సిన మాట. నాకు మాత్రం ఇంట్లో చిట్టా పుస్తకం కళ్ల ముందు తిరిగింది. హమాలీకి లెక్క రాసుకునే అలవాటు ఉంటుంది, లేకుంటే ముఠాలో వాటా దగ్గర మోసపోతాం. ఆరెంపీకి 7,200. రక్త పరీక్షలకు 6,500. దవాఖానకు 38,000. మెడికల్ షాపుకు 5,700. ఆటోలు, బయట తిండి 4,000. మొత్తం 61,400. ఇది సరైన మందు మొదటి గోలీ నోట్లో పడక ముందు ఖర్చు. అప్పటికి మా ఇంటి ఆదాయం ఏడాదికి అటూ ఇటూగా 2 లక్షల 10 వేలు. టీబీ వల్ల ఒక ఇంటికి అయ్యే ఖర్చు, పోయే కూలీ అన్నీ కలిపి ఏడాది ఆదాయంలో 20 శాతం దాటితే ఆ ఇల్లు మునిగినట్టు లెక్క కడతారని సూపర్‌వైజరే తర్వాత ఒకసారి చెప్పాడు. మా ఇల్లు కూలీ సంగతి ఎత్తకుండానే 29 దాటింది.

2023 జనవరి 6న మందు మొదలుపెట్టాను. గోలీలు ఎన్ని అనేది బరువును బట్టి ఇస్తారు. 35 నుంచి 49 కిలోల దాకా మూడు, 50 నుంచి 64 దాకా నాలుగు. నాకు మూడు. పొద్దున్నే పరగడుపున మూడూ ఒకేసారి. మూత్రం నారింజ రంగులో వస్తే భయపడొద్దని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. వాంతి వచ్చినట్టు ఉండేది, పదింటి దాకా ఏమీ తినబుద్ధి కాదు. ఆ తర్వాత ఆకలి మొదలైతే మాత్రం మామూలు ఆకలి కాదు.

ఆ ఆకలి దగ్గర మా ఇంటి అసలు కథ మొదలవుతుంది. టీబీ ఉన్నవాళ్లకు పౌష్టికాహారం కోసం నెలకు 500 కేంద్ర ప్రభుత్వం బ్యాంకులో వేస్తుంది. 2018 ఏప్రిల్ నుంచి ఉన్న పథకం అది, 2024 నవంబర్ నుంచి 1,000 చేశారు. నా రోజుల్లో 500. ఆధార్‌లో ఇంటిపేరు ఒక రకంగా, బ్యాంకు పుస్తకంలో ఇంకో రకంగా ఉండి, అది సరయ్యేసరికి మార్చి దాటింది. అయినా ఇంట్లో రోజుకు రెండు గుడ్లు నాకు పెట్టాలని నిర్ణయం జరిగింది. మొదటి రోజు నా భార్య రెండు గుడ్లు నా పళ్లెంలో పెట్టింది. ఎదురుగా బిడ్డ, కొడుకు కూర్చున్నారు. పిల్లలు పెద్దవాళ్లు, చూడనట్టే తలొంచుకుని పప్పు కలుపుకుంటున్నారు. ఆ చూడకపోవడమే నాకు తినడానికి అడ్డమైంది. ఒక గుడ్డును నాలుగు ముక్కలు కోశాను. నాకు సగం నోట్లో ఉండగానే తెలుసు, రేపటి నుంచి ఇంటికి ఆరు గుడ్లైనా రావాలి, లేదా ఒక్కటీ రావద్దు. వారం రోజులు ఆరు వచ్చాయి. తర్వాత ఒకటి, అదీ రోజు విడిచి రోజు.

ఝార్ఖండ్‌లో ఇలాంటి ఇళ్లల్లో ఒక పని చేసి చూశారని ఆ ఏడాది ఆగస్టులో మా బిడ్డ ఫోన్‌లో చదివి చెప్పింది. రోగికే కాదు, ఇంట్లోవాళ్లకు కూడా ఆరు నెలలు తిండి గింజలు ఇచ్చారట. ఆ ఇళ్లల్లో మిగతావాళ్లకు టీబీ రావడం 39 శాతం తగ్గిందట. నాకు ఆశ్చర్యం అనిపించలేదు. ఒక్క పళ్లెంలో వేసే గుడ్డు ఒక్క పొట్టలోకి పోదని ఎవరింట్లోనైనా ఒక్కపూట కూర్చుంటే తెలుస్తుంది. రేషన్ బియ్యం మనిషికి ఆరు కిలోలు వచ్చేవి, అన్నానికి కొదవ లేదు. అన్నం ఒక్కటే.

ఇక పని సంగతి. జనవరి నుంచి ఏప్రిల్ దాకానే మా సీజన్. ఆ మూడున్నర నెలల్లో నా వాటా 95 వేల దాకా వచ్చేది. మిగతా ఏడాదంతా దాని మీద ఆనుకుని నడిచేది. ముఠాలో అందరికీ సమాన వాటా, వచ్చినవాడికే వాటా. మా మేస్త్రీ మామకు ఒక్కడికే జబ్బు పేరు చెప్పాను. ఆయన గట్టిగా ఏమీ అనలేదు. మూడు వారాలు నన్ను కాంటా దగ్గర చీటీలు రాయించి, బస్తా ఎత్తకపోయినా ముఠాతో సగం వాటా ఇప్పించాడు. పదహారు మంది వీపుల మీద మోసిన పైసల్లో సగం వాటా అది. నాలుగో వారం ఒకరిద్దరు గొణిగారు. వాళ్లకూ ఇళ్లున్నాయి. నేనే మానేశాను. టీ హోటల్‌లో నాకు కాగితం గ్లాసు ఇవ్వడం కూడా ఆ వారమే మొదలైంది. రెండు మూడు వారాలు మందు పడితే ఇంకొకరికి అంటించే గుణం చాలా వరకు పోతుందని హోటలాయనకు ఎవరు చెప్పాలి?

నా భార్య పనికి పోవడం మొదలుపెట్టింది. కోల్డ్ స్టోరేజీ పక్కన షెడ్డులో మిర్చి తొడిమలు తీసే పని, రోజుకు 400. ఇంట్లో వంటకు, నన్ను చూసుకోవడానికి పరకాల దగ్గర ఊరి నుంచి నన్ను కన్న అవ్వ వచ్చింది. వస్తూ వస్తూ ఆ నెల పింఛను 2,016 కొడుక్కి పాల కోసమని కొంగున కట్టుకొచ్చింది. అవ్వ వచ్చిందని నాకు ధైర్యం వచ్చింది. అవ్వ ఊళ్లో ఏం వదిలేసి వచ్చిందో నేను అడగలేదు.

ఫిబ్రవరిలో గిరిగిరి బాకీ తెగలేదు. పాతవి కట్టడానికి మూడోది తీసుకున్నాను. ఈ దందాలో అందరూ చేసేదే.

మార్చి రెండో వారంలో రెండు నెలల పరీక్ష వచ్చింది. గళ్లలో క్రిములు లేవన్నారు. దగ్గు లేదు, జ్వరం లేదు, బరువు 49. యార్డులో బస్తాల మీద బస్తాలు. "ఇంకా నాలుగు నెలల మందు ఉంది, ఆపొద్దు" అని సూపర్‌వైజర్ చెప్పాడు. నేను తలూపాను. 13వ తారీఖు సోమవారం ముఠాలో చేరాను. మొదటి రోజు పరగడుపున గోలీలు వేసుకుని బస్తా ఎత్తితే పది బస్తాలకే కక్కేశాను. రెండో రోజు సాయంత్రం వేసుకుందామనుకున్నా. సాయంత్రానికి ఒళ్లు పడిపోయి నిద్రపోయాను. మూడో రోజు ఎందుకులే అనిపించింది. పని లేని రోజులతో కలిపి 12 రోజులు. మధ్యలో ఉగాది వచ్చింది. పచ్చడి తిన్నాను, గోలీలు వేసుకోలేదు. తొమ్మిది రోజుల పనికి 8,300 వచ్చాయి, గిరిగిరి పిల్లగాడు వారం రోజులు నవ్వుతూ పోయాడు.

మార్చి 24. మధ్యాహ్నం లారీకి లోడు ఎత్తుతున్నాం. గేటు ముందు నుంచి తెల్ల డ్రెస్సుల నర్సింగ్ పిల్లలు ర్యాలీగా పోతున్నారు. ప్రపంచ క్షయ దినం అట. 1882లో అదే రోజున రాబర్ట్ కాక్ ఈ క్రిమిని కనిపెట్టినట్టు ప్రకటించాడని తర్వాత తెలిసింది. 'టీబీని తరిమేద్దాం' అని అరుస్తున్నారు. నేను వీపు మీద బస్తాతో చెక్క మీద సగం దూరంలో ఉన్నాను. ఊపిరి అందక ఆగాల్సి వచ్చింది. ర్యాలీ చివర్లో సూపర్‌వైజర్ బండి నడిపించుకుంటూ వస్తున్నాడు. నన్ను చూశాడు. బస్తా వెనక ముఖం దాచుకుందామనుకున్నా, వీపు మీద బస్తా ఉన్నవాడు ఎటు తిరుగుతాడు?

లారీ పక్కకు పిలిచి తిట్టాడు. మామూలు తిట్లు కావు. మందు మధ్యలో ఆపితే మొండి టీబీ అవుతుందని, అప్పుడు ఆరు నెలలు కాదు, 9 నెలలైనా, ఏడాదిన్నర పైనైనా వాడాల్సి వస్తుందని, ఇంట్లో అదే రకం అంటుకుంటుందని చెప్పాడు. "రోజుకు 300 గిరిగిరి కట్టాలె సార్" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆయన దగ్గర దానికి గోలీ లేదు కదా. చివరికి "రాత్రి అన్నం తిన్న రెండు గంటలకు వేసుకో, కక్కవు. ఇవాళే మొదలుపెట్టు" అని చెప్పి పోయాడు. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేశాడు. అట్లా పదిహేను రోజులు చేశాడు.

మిగతా నెలలు చెప్పుకోవడానికి ఏం లేదు. బస్తాలు మానేశాను. మే నెలలో బరువు 52కు వచ్చింది, నాలుగో గోలీ ఇచ్చారు. గోలీ పెరిగితే సంతోషపడ్డ రోగిని నేనే అయ్యుంటాను. తప్పిన 12 రోజులు చివర్లో కలిపి జూలై 18న మందు పూర్తయింది. కార్డు మీద 'నయమైంది' అని రాశారు.

నయమైంది నిజమే. కానీ ఎడమ ఊపిరితిత్తి పై భాగంలో మచ్చ ఉండిపోయింది. నడిస్తే తెలియదు, మెట్లెక్కితే తెలుస్తుంది, బస్తా ఎత్తితే రెండో బస్తాకు గుండె కొట్టుకోవడం చెవుల్లో వినబడుతుంది. మూడు నెలలు ఆలస్యమైనందుకు ఆ మచ్చ అన్నారు. హమాలీ లైసెన్సు ఉంది, వీపు లేదు. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీలో రాత్రి వాచ్‌మన్‌ను, నెలకు 10 వేలు. మా బిడ్డ ఇంటర్ మంచి మార్కులతో పాసై కూడా ఆ ఏడాది డిగ్రీలో చేరలేదు, బట్టల షాపులో 7 వేలకు పనిచేసింది. మరుసటి ఏడాది ఆన్‌లైన్ డిగ్రీ అడ్మిషన్ల దోస్త్‌లో దరఖాస్తు పెట్టుకుని చేరింది.

ఇంతటితో తీరిందనుకున్నాం. 2024 ఫిబ్రవరి, మేడారం జాతర ఇంకో వారం ఉందనగా, పొద్దున బెల్లం కోసం డబ్బా తీయబోయిన అవ్వ చేతిలోంచి డబ్బా జారింది. వంగి తీసుకోలేకపోయింది. మాట ముద్దగా వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఎంజీఎం సర్కారు దవాఖానకు తీసుకుపోయాం, 11 రోజులు ఉన్నాం. డాక్టరమ్మ మొదటి ప్రశ్న: "బీపీకి మందులు వాడుతుందా?"

"వాడుతుంది మేడం, ఊళ్లో ఇస్తారు" అన్నాను.

ఇంటికి బట్టల కోసం వచ్చినప్పుడు అవ్వ వక్కాకు సంచి విప్పి చూశాను. కాగితం పొట్లంలో సగం సగం విరిచిన బీపీ గోలీలు ఆరు ఉన్నాయి. విరిచిన అంచులు అరిగి పొడి రాలుతున్నాయి. ఊళ్లో సబ్‌సెంటర్‌లో నెలకోసారి బీపీ చూసి ఊరికే ఇచ్చేవాళ్లు. మా ఇంటికి వచ్చాక పింఛను కోసం నెలకు ఒకసారి ఊరికి పోయేది, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేది. పింఛను ఇచ్చే రోజు, మందులిచ్చే రోజు ఒకటి కావు. రెండోసారి పోవాలంటే బస్సు కిరాయి. ఇక్కడ మెడికల్ షాపులో కొనమని మమ్మల్ని అడగడం ఆమెకు ఇష్టం లేదు. అందుకని ఒక గోలీని రెండు రోజులు చేసింది. నేను తాగిన పాలు ఆ కిరాయివే. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయింది 2023 డిసెంబర్‌లో. అప్పటికి సగం గోలీ అలవాటైపోయింది.

అవ్వ బతికింది. కర్ర పట్టుకుని గడప దాకా నడుస్తుంది, ఎడమ చేత్తో తింటుంది. నాలుగు నెలలు నా భార్య షెడ్డు మానేసి ఆమె పక్కనే ఉంది. అంటే నాలుగు నెలల కూలీ. గొలుసు కుదువ గడువు ఆ నాలుగు నెలల్లోనే దాటిపోయింది, విడిపించుకోలేదు. చిట్టా పుస్తకంలో నా జబ్బుకు ఒక పేజీ, అవ్వ జబ్బుకు ఒక పేజీ అని వేరు చేద్దామని కూర్చున్నాను ఒకసారి. ఏ రూపాయి ఎవరి పేజీలో రాయాలో తేలక రెండూ కలిపే ఉంచాను.

2025 సీజన్, మార్చి నెల. నా భార్య మళ్లీ షెడ్డుకు పోతోంది. ఒక రాత్రి డ్యూటీకి బయల్దేరుతుంటే వంటింట్లోంచి దగ్గు వినబడింది. మరుసటి రాత్రి కూడా.

"ఎన్ని రోజుల నుంచి?" అన్నాను.

"మిర్చి ఘాటయ్యా."

"ఎన్ని రోజులని అడిగిన."

"పది రోజులు. రెండు వారాలు కాలే కదా" అంది. ఆశా అక్క చెప్పిన లెక్క ఆమెకూ గుర్తుంది.

సోమవారం డ్యూటీ దిగి, నిద్రపోకుండా తీసుకుపోయాను. దారంతా నాతో గొడవే. సీజన్ రోజు పోతుందని, మేస్త్రీ రేపు వేరేవాళ్లను పెట్టుకుంటే ఎట్లా అని. గళ్ల డబ్బా చేతికిస్తే కోపంగా లాక్కుని బయటికి పోయింది. ఎక్స్‌రే కూడా తీశారు. రెండు రోజులకు రిజల్ట్ వచ్చింది, ఏం లేదు. దుమ్ము వల్లే, ఆ పని మానేస్తే మంచిదన్నాడు డాక్టర్. ఆమె ఆయన ముఖం చూసి ఊరుకుంది.

చిట్టాలో రాశాను: సోమవారం, కూలీ 400, ఆటో 60. మంగళవారమే ఆమె తువ్వాల రెండు మడతలు పెట్టి మూతికి చుట్టుకుని షెడ్డుకు పోయింది.